నీళ్లకి పోని క్రీము

ఈతకొలను, బట్టలు మార్చుకునే గది

వదినా,

ఫోనుండగా ఉత్తరమేమిటి, దీనికేం పుట్టింది అనుకుంటున్నావు కదూ. మీ ఇంట్లో ఫోనంటే స్పీకరే. నేను హలో అనగానే అన్నయ్య "ఎవరూ, మా చెల్లాయేనా" అంటూ కుర్చీ జరుపుకుని కూర్చుంటాడు. ఇప్పుడు నేను అడగబోయేది తోడబుట్టినవాడు వినే మాట కాదు. అందుకే మీ షాపు చిరునామాకి రాస్తున్నా. చదివి చించి పారెయ్.

సూటిగా అడిగేస్తున్నా. మీ మందుల షాపులో నీ కౌంటరు మీద, డాక్టరు చీటీ లేకుండా ఎవరడిగినా ఇచ్చే క్రీములుంటాయి కదా, తొడల మీద సొట్టలు పోతాయని రాసి ఉండేవి. అవి నిజంగా పని చేస్తాయా?

నవ్వకు. నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుసు.

ఇక్కడ యాజమాన్యం మారింది. కొత్త మేనేజరు కోచ్‌లందరికీ ఒకే రకం స్విమ్ సూట్లు కుట్టించాడు. ముదురు నీలం, చూడ్డానికి బాగానే ఉంటుంది, కాకపోతే తొడల మొదట్లోనే అయిపోతుంది. నా పాతది మోకాళ్ల దాకా వచ్చేది, దాంట్లో ఇన్నేళ్లూ హాయిగా బతికేశాను. అదే వేసుకుంటానంటే "అందరికీ ఒక రూలు, మీకొక రూలా మేడం" అన్నాడు. ఇదివరకు పెద్దపిల్లలకి గట్టు మీద నిలబడి ఈల ఊదుతూ నేర్పేదాన్ని. ఇప్పుడు చిన్నపిల్లల బ్యాచ్ ఇచ్చారు. వాళ్లకి నేర్పాలంటే నీళ్లలో దిగాల్సిందే. దిగడం నాకేం కష్టం, కానీ దిగే ముందు గట్టు పొడుగునా నడవాలి. గట్టు పక్కనే అద్దాల గది. అందులోంచి తల్లులు చూస్తూ కూర్చుంటారు.

మొన్న ఒకావిడ తన కొడుకు మొదటిసారి తల ముంచడం ఫోనులో తీసి తల్లుల గ్రూపులో పెట్టింది. పిల్లాడి వెనక నా కాళ్లు పడ్డాయి. దాని కింద ఇంకొకావిడ, "టీచర్ గారి తొడలు కుట్టిన పరుపులా ఉన్నాయేంటి" అని రాసింది. నలుగురైదుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ గ్రూపులో నేనూ ఉన్నానని మర్చిపోయినట్టున్నారు.

తల కొట్టేసినట్టయింది వదినా. అప్పట్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నా. అద్దం ముందు వెనక్కి తిరిగి, మెడ పట్టేసేదాకా చూసుకుంటున్నా. నిలబడితే ఒక రకంగా ఉన్నాయి, కూర్చుంటే ఇంకో రకంగా ఉన్నాయి, వేళ్లతో నొక్కితే మరీ ఘోరం. ఇన్నాళ్లూ వెనకనుంచి ఎలా ఉన్నాయో నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు అవి తప్ప ఇంకేం కనపడట్లేదు. కడుపునొప్పని చెప్పి క్లాసులు ఎగ్గొట్టాను. మేనేజరు మొహం మీదే చెప్పేశాడు, నీళ్లలో దిగలేకపోతే గేటు దగ్గర తువ్వాళ్లిచ్చే పనికి మారిపొమ్మని. పక్కన నీళ్ల చప్పుడు వింటూ నేను తువ్వాళ్లు మడతపెట్టుకుంటూ కూర్చోగలనా? నావల్ల కాదు. నాకు వచ్చిందల్లా ఆ నీళ్లొక్కటే.

పని చేస్తాయంటే ఒకటి పంపు. చెయ్యవంటే అదీ చెప్పు. ఏదో ఒకటి తొందరగా చెప్పు.

నీ మరదలు


మందుల షాపు, మెట్ల కింద స్టాకు గది

అమ్మా మహాతల్లీ,

నీ ఉత్తరం చించలేదు. నీ తొడల మీద నువ్వు రాసిన వ్యాసాన్ని పటం కట్టించి మీ అన్నయ్య కుర్చీకి ఎదురుగా తగిలిద్దామనుకున్నా. భయపడకు, నా చేతిసంచీ అరలో దాచాను.

నువ్వు నయమే, సూటిగా అడిగావు. ఇక్కడికి వచ్చేవాళ్లు అలా అడగరు. ముందు పళ్లపేస్టు చూస్తారు. తర్వాత దూది, తర్వాత దువ్వెనలు. నా కౌంటరు చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగి, ఎవరూ లేకుండా చూసి, "ఇది మా చెల్లెలికండీ" అంటారు. లోకంలో ఉన్న సొట్టలన్నీ చెల్లెళ్లకే ఉన్నట్టు! ఒకావిడైతే "మా అత్తగారికి" అంది. ఆ అత్తగారు బయట బండిలో కూర్చుని ఉంది పాపం, మోకాళ్ల నొప్పుల మాత్రల కోసం.

పని చేస్తాయా అంటావా. వాడినవాళ్లు మళ్లీ వచ్చి తీసుకెళ్తున్నారు.

అరలో ఉన్నవాటిలో నీ కోసమని వెతికి మరీ ఒకటి పంపుతున్నా. మిగతావి కాస్త చెమట పడితే కారిపోతాయి. ఇది నీళ్లకి పోదు, చర్మం మీద పొరలా పట్టుకుని ఉంటుందని డబ్బా మీద రాసి ఉంది. పొద్దస్తమానం నీళ్లలో ఉండే చేపవి నువ్వు, నీకిదే సరి. గుండ్రంగా, కింద నుంచి పైకి రుద్దాలి. చెయ్యి నొప్పి పుడితే మా అన్నయ్యగారిని, అదే మీ ఆయన్ని, రుద్దమను. ఆయన టైర్ల షాపులో రోజంతా చేసేది అదేగా.

ఆ పరుపు మాట రాసినావిడని మాత్రం నాకొకసారి చూపించు. ఆవిడ కూడా ఏదో ఒకరోజు ఇలాంటి కౌంటరు దగ్గర దూది బేరం చేస్తూ నిలబడకపోతే నా పేరు మార్చుకుంటా.

క్లాసులు ఎగ్గొట్టకు.

మీ వదిన


మా ఇల్లు, వంటగది బల్ల మీద

వదినా,

క్రీము సగం అయిపోయింది. ఒక పద్ధతి పెట్టుకున్నాను, విను. కుడికాలికే రాస్తున్నా. ఎడమకాలికి ఏమీ రాయట్లేదు, అది సాక్షి. తేడా ఉంటే తెలిసిపోవాలి కదా. తెలివిగా చేశాననుకున్నా. కానీ ఇప్పుడు పొద్దున కుడికాలు బాగున్నట్టుంటుంది, మధ్యాహ్నానికి ఎడమదే బాగున్నట్టుంటుంది. కిటికీ దగ్గర నిలబడితే ఒక తీర్పు, లైటు కింద నిలబడితే ఇంకో తీర్పు. అద్దం అబద్ధం చెబుతోందో, నా కళ్లో తెలియట్లేదు. ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

ఆఖరికి సిగ్గు విడిచి ఆయన్నే అడిగాను. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి, వెనక్కి తిరిగి నిలబడి, తేడా చెప్పమన్నా. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, షాపులో బండి కింద చూసినట్టు చూశారు. చాలాసేపు చూసి, "రెండూ ఒకటేలా అరిగాయి, గాలి సరిపోయింది" అన్నారు. ఆ మాటకి నేను నవ్వాలా, ఏడవాలా? నవ్వుతూనే గిన్నె విసిరాను.

క్లాసులకి వెళ్తున్నా. ఎలా వెళ్తున్నానో చెబితే సిగ్గుచేటు. నడుముకి తువ్వాలు చుట్టుకుని, గట్టు అంచున కూర్చుని, తువ్వాలు తీసీ తియ్యకముందే బుడుంగున మునుగుతున్నా. బయటికి వచ్చేటప్పుడు పిల్లలందరూ వెళ్లేదాకా నీళ్లలోనే ఉండి, వేళ్లు ముడతలు పడ్డాక వస్తున్నా. పిల్లలకి నేనేదో నీటి జంతువుననే అనుమానం మొదలైంది.

బ్యాచ్‌లో ఒక పిల్ల ఉంది. దానికి నేను పెట్టిన పేరు జలగ. ఆ పేరు విని అదే నవ్వుతుంది. నీళ్లంటే చచ్చేంత భయం, కానీ పట్టుకుందంటే వదలదు. నాకు ఈత నేర్పినాయన ఒక ఆట నేర్పాడు, స్తంభం ఆట. నడుందాకా నీళ్లలో నేను కదలకుండా స్తంభంలా నిలబడతా. పిల్ల రెండు చేతులతో నా తొడని కావలించుకుని నీళ్లలోకి దిగి, కళ్లు తెరిచి చూసి, మళ్లీ పైకి పాకాలి. నీళ్లు మింగేస్తాయన్న భయం ఆ ఆటతో పోతుంది, ఎందుకంటే చేతిలో ఒక గట్టి వస్తువుంది. జలగ ఇన్నాళ్లూ గడ్డం దాకానే దిగేది. మొన్న మొదటిసారి తల ముంచింది. పైకొచ్చి దగ్గుతూ, "టీచర్, కింద అంతా నీలంగా ఉంది" అంది. అప్పుడు మాత్రం వదినా, నా తొడల సంగతి నాకు గుర్తు రాలేదు.

మళ్లీ బయటికి రావాల్సి వచ్చినప్పుడు గుర్తొచ్చింది.

నాకు నిజం చెప్పు. కౌంటరు మాట వద్దు, ఇంటి మాట చెప్పు. మళ్లీ వచ్చి తీసుకెళ్తున్నారు అన్నావు. వాళ్ల సొట్టలు పోయుంటే మళ్లీ ఎందుకు వస్తారు?

నీ మరదలు


మందుల షాపు, మధ్యాహ్నం మూసిన వేళ

మరదలా,

పట్టేశావు. ఇన్నేళ్లలో ఆ మాటకి ఎదురు ప్రశ్న వేసిన మొదటిదానివి నువ్వే.

మా ఫార్మసిస్టు మేడం దగ్గర కూర్చుని అడిగాను. చెల్లెలికని చెప్పలేదు, మరదలికి అని నిజమే చెప్పా, అయినా ఆవిడ నమ్మినట్టు లేదు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నా. చర్మం కింద కొవ్వుంటుంది, దాన్ని అక్కడక్కడ కిందికి లాగి పట్టుకునే దారాల్లాంటివి ఉంటాయి. దారం లాగినచోట గుంట, మధ్యలో కొవ్వు ఉబుకు. ఆ పరుపు మాట రాసినావిడ తెలియకుండానే సరిగ్గా చెప్పింది, పరుపు కుట్టేదీ అలాగే. ఇది జబ్బు కాదు. పెద్దమనిషైన ఆడదానికల్లా, సన్నగా ఉన్నా లావుగా ఉన్నా, దాదాపు అందరికీ ఉంటుందిట. పైన రాసే క్రీము ఆ దారాల దాకా దిగదు. అందుకని పోగొట్టడమంటూ ఉండదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. కానీ నువ్వు వేళ్లు ముడతలు పడేదాకా నీళ్లలో నక్కి కూర్చుంటున్నావంటే ఊరుకోలేకపోయాను. అందుకని ఇదీ రాస్తున్నా. ఆ క్రీముల్లో కాఫీలో ఉండే సరుకే వేస్తారుట. అది కాసేపు చర్మంలోని నీటిని లాగేస్తుంది. రాసిన కొన్ని గంటలు చర్మం కాస్త బిగిసినట్టు, నునుపుగా కనపడుతుంది. తర్వాత మామూలే. అంటే ఎప్పుడో పొద్దున రాస్తే లాభం లేదు, చూసేవాళ్లు చూసే ముందు రాయాలి.

అదీ సంగతి. పెద్ద సుఖం కాదు గానీ, గట్టు పొడుగునా నడిచేంతసేపు ధైర్యం వస్తే అదే చాలు కదా.

మీ అన్నయ్య నిన్ను అడిగాడు. చెల్లెలు ఫోను చెయ్యట్లేదేంటని మొహం ముడుచుకున్నాడు. రేపే చెయ్యి, నా మీదికి రానివ్వకు.

మీ వదిన


ఈతకొలను, గట్టు మీద, పిల్లలు రాకముందు

వదినా, నా బంగారు వదినా,

తడి చేతులతో రాస్తున్నా, అక్షరాలు అలుక్కుపోతే సర్దుకో.

పని చేసింది! అంటే నువ్వు చెప్పినట్టే, కాసేపే. ఆ కాసేపు చాలు. ఇక్కడ నీళ్లలో దిగే ముందు షవరు కింద స్నానం చెయ్యాలని రూలు. స్నానం చెయ్యమనుందే గానీ, తర్వాత ఏమీ రాసుకోకూడదని బోర్డు మీద ఎక్కడా లేదు. అందుకని స్నానం అయ్యాక, క్లాసుకి ముందు, రెండు కాళ్లకీ దట్టంగా పట్టిస్తున్నా. చల్లగా, బిగుతుగా ఉంటుంది. డబ్బా మీద రాసింది అబద్ధం కాదు, నీళ్లలో మునిగినా ఆ పొర పోవట్లేదు.

తువ్వాలు మానేశాను. నిన్న గట్టు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాను వదినా, అద్దాల గది పక్కనుంచి, మెల్లగా, కావాలనే! ఎవరూ చూడలేదు, అందరూ ఫోనుల్లో ఉన్నారు. వాళ్లు చూడలేదని మళ్లీ నాకే కోపం వచ్చింది. నాకు పిచ్చి పట్టినట్టుంది. ఇంకో రెండు డబ్బాలు పంపు.

జలగ ఇవాళ పూర్తిగా మునిగి, నా పాదం తాకి వస్తానని పందెం కాసింది. అదిగో, గేటు దగ్గర వాళ్లమ్మ చెయ్యి విదిలించుకుని పరిగెత్తుకొస్తోంది. ఉంటా.

నీ మరదలు


మా ఇల్లు

వదినా,

డబ్బాలు పంపకు.

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నా, పిల్ల బాగానే ఉంది. డాక్టరు చూశాడు, గుండె, ఊపిరి అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. కంగారుపడకు.

నీకు ఉత్తరం మడిచి పెట్టి దిగానా, స్తంభంలా నిలబడ్డా. జలగ నా కుడి తొడని రెండు చేతులా చుట్టుకుని కిందికి దిగింది. సగం దిగేసరికి చేతులు జారాయి. మళ్లీ పట్టుకోబోయింది, మళ్లీ జారాయి. సబ్బురాయిని పట్టుకున్నట్టు దాని వేళ్లు నా చర్మం మీద జారడం నాకు తెలుస్తూనే ఉంది వదినా. ఒక్క క్షణం, అదేదో ఆటాడుతోందనుకున్నా. ఆ తర్వాత నా కాలి దగ్గర ఏమీ లేదు. వంగి చూస్తే పక్కకి తేలిపోతోంది, నోరు తెరుచుకుని ఉంది. జబ్బ పట్టి పైకి లాగాను. నీళ్లు కక్కింది, దగ్గింది, ఆ తర్వాత కొలను మొత్తం మార్మోగేలా ఏడ్చింది. ఏడుస్తోంది కదా, బతికింది అనుకున్నా.

అసలు సంగతి అది కాదు. ఆ తర్వాత జరిగింది రాయాలి.

వాళ్లమ్మ అద్దాల గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. మేనేజరు వచ్చాడు. "ఏమైంది మేడం" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే తనే "భయపడి చేతులు వదిలేసుంటుంది, చిన్నపిల్ల కదా" అన్నాడు. అలాగే రాసుకున్నాడు. తల్లి పిల్ల జబ్బ పట్టుకుని ఊపేసింది. "ఎన్నిసార్లు చెప్పాను, గట్టిగా పట్టుకోమని! ఎందుకు వదిలావు?" అంది. పిల్ల ఎక్కిళ్ల మధ్య, "నేను వదల్లేదు. టీచర్ కాలే జారిపోయింది" అంది. "కాలు జారుతుందా ఎక్కడైనా? అబద్ధాలు కూడానా?" అని వీపు మీద ఒకటి వేసింది.

పిల్ల నా వైపు చూసింది. నేను చెబుతానని చూసింది.

నేను చెప్పలేదు వదినా. ఏమని చెప్పాలి? అద్దాల గది నిండా వాళ్లే. పరుపు మాట రాసినావిడ కూడా ముందు వరసలోనే నిలబడి ఉంది. వాళ్లందరి ముందు నా తొడలకి ఏం రాసుకున్నానో, ఎందుకు రాసుకున్నానో చెప్పాలా? తువ్వాలు చుట్టుకుని బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లిపోయాను. అక్కడ గరుకు పీచు తీసుకుని ఆ క్రీము పోయేదాకా రుద్దాను, ఎర్రగా కందిపోయేదాకా.

ఆ పిల్ల మళ్లీ రాలేదు. దాన్ని మానిపించేస్తారుట. నాకు అన్నం సహించట్లేదు. ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతున్నా. ఆయన ఏమైందని అడిగితే కసురుతున్నా. ఏం చెయ్యను?

మ.


మా ఇల్లు, వెనక వరండా

అమ్మాయీ,

ఇవాళ పరాచికాలు లేవు.

ముందు నా వంతు చెబుతాను. నీళ్లకి పోనిది వెతికి మరీ పంపింది నేను. క్లాసుకి ముందు రాయమని చెప్పింది నేను. నీళ్లలో పిల్లలు నీ కాళ్లని పట్టుకుంటారని నువ్వు శుభ్రంగా రాశావు, అది చదివాకే ఆ సలహా ఇచ్చాను. బుర్ర ఎక్కడ పెట్టుకున్నానో తెలియదు. నువ్వు సిగ్గుపడుతున్నావని తప్ప నాకింకేం తోచలేదు.

ఎందుకు తోచలేదో కూడా చెబుతా. ఆ క్రీము నేనూ వాడతాను. నీకు పంపడానికి చాలా ముందునుంచి. మళ్లీ వచ్చి తీసుకెళ్తున్నవాళ్లున్నారని రాశానే, వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఫార్మసిస్టు మేడం చెప్పేదాకా ఏమీ తెలియనిదానిలా రాశాను గానీ, అది చేసేది ఏమీ లేదని నా కాళ్లకి ఎప్పుడో తెలుసు. తెలిసీ కొంటాను. డబ్బా బట్టల కింద దాస్తాను. పోయిన నెల మీ అన్నయ్య దాన్ని పైకి తీసి, మడమల పగుళ్లకి రాసుకుంటూ కూర్చున్నాడు. "ఇది భలే ఉందే, ఇంకోటి తీసుకురా" అన్నాడు. ఇన్నేళ్లలో అది నిజంగా పని చేసింది ఆ మడమల మీదే. నవ్వుకోవాల్సింది పోయి, డబ్బా లాక్కుని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎందుకో ఆయనకి ఇప్పటికీ తెలియదు. కట్టుకున్నవాడికే చెప్పలేనిదాన్ని, పదిమందిలో నువ్వు చెప్పలేకపోయావని నిన్నేం అనగలను?

అయినా అనాలి. నువ్వు అడిగావు కాబట్టి అంటున్నా.

నీ ఉద్యోగం, నీ పరువు, అవి పక్కన పెట్టు. ఆ పిల్ల సంగతి చూడు. అది గట్టిగానే పట్టుకుంది. పట్టుకున్నానని దానికి తెలుసు. కానీ అమ్మ కాదంది, మేనేజరు కాదన్నాడు, నువ్వు నోరు మూసుకున్నావు. పెద్దవాళ్లంతా ఒకటే మాట మీద ఉంటే చిన్నపిల్ల ఏమనుకుంటుంది? నా చేతులే వదిలేశాయేమో అనుకుంటుంది. రేపు మెట్లెక్కేటప్పుడు, చెట్టెక్కేటప్పుడు, ఎవరి చెయ్యైనా పట్టుకున్నప్పుడు కూడా దానికి అదే అనుమానం ఉంటుంది. దాన్ని అబద్ధాలకోరని కూడా అన్నారు. నీ తొడల మీదివి బట్ట కప్పితే కనపడవు. దాని మనసులో పడ్డదాన్ని దేంతో కప్పుతావు?

కావాలంటే నేను వస్తాను. నీ పక్కన నిలబడతాను. కానీ చెప్పాల్సింది నువ్వే, అదీ ఆ అద్దాల గదిలోనే. మేనేజరు చెవిలో చెబితే చెప్పినట్టు కాదు.

మీ అన్నయ్యకి నిన్న మొత్తం చెప్పేశాను, నీది కాదులే, నాది. తన మడమలు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత "నాకెప్పుడూ కనపడలేదే" అన్నాడు. ఆ మాట విని ఎందుకో ఏడుపొచ్చింది.

మీ వదిన


ఈతకొలను, పక్కనున్న బెంచీ మీద

వదినా,

నువ్వు రావక్కర్లేకుండానే అయిపోయింది.

నీ ఉత్తరం అందిన రోజే మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన తలెత్తకుండా, "రాసేశాం కదా మేడం, పాప భయపడి వదిలేసిందని. మీకేం ఇబ్బంది లేదు, ఎందుకు కెలుక్కుంటారు?" అన్నాడు. కొంచెంసేపు ఆ మాట హాయిగానే ఉంది, నిజం చెప్పొద్దూ. తలుపుదాకా వచ్చేశాను. వెనక్కి వెళ్లి జలగ వాళ్లమ్మ ఫోను నంబరు తీసుకుని, ఒక్కసారి పాపని తీసుకురమ్మని బతిమాలాను. ప్రవేశం కార్డు తిరిగిచ్చేయడానికి ఎలాగూ రావాలి, వస్తానంది.

వచ్చింది. పిల్ల ఆవిడ వెనక దాక్కుంది. నేను ఆ నీలం స్విమ్ సూటు వేసుకుని, కాళ్లకి ఏమీ రాయకుండా, ఏమీ చుట్టుకోకుండా అద్దాల గదిలోకి వెళ్లాను. లోపలికి కోచ్‌లెవరూ అలా వెళ్లరు. అందరూ ఫోనులు దించారు. బట్టీపట్టిన మాటలన్నీ ఎగిరిపోయాయి. పిల్ల వైపు చూసి మొదలుపెట్టాను.

"పాప చేతులు వదల్లేదు. గట్టిగానే పట్టుకుంది. నేను తొడలకి క్రీము రాసుకుని దిగాను, నీళ్లకి పోని క్రీము. దాంతో జారింది. ఆరోజే చెప్పాల్సింది, సిగ్గేసి చెప్పలేదు. తప్పు నాది, పాపది కాదు."

తర్వాత వెనకనుంచి ఎవరో, "ఏం క్రీమండీ?" అన్నారు.

"సొట్టలు పోయే క్రీము" అన్నాను.

అప్పుడు, వదినా, నువ్వు నమ్మవు, పరుపు మాట రాసినావిడ గొంతు తగ్గించి, పక్కావిడకి కూడా వినపడకూడదన్నట్టు, "పని చేస్తుందా?" అని అడిగింది.

నాకు నవ్వు, ఏడుపు, కోపం మూడూ ఒకేసారి వచ్చాయి. సమాధానం చెప్పకుండా వెనక్కి తిరిగి నిలబడ్డాను. కిటికీలోంచి ఎండ సరిగ్గా నా కాళ్ల మీదే పడుతోంది. "డబ్బా ఖాళీ చేశాను, మీరే చూసి చెప్పండి" అన్నాను. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరో "నావీ అంతే" అన్నారు, గొడవేమీ లేని మామూలు గొంతుతో. ఇంకొకావిడ కుర్చీ సర్దుకుంది. నేను ఇటు తిరిగేసరికి పరుపావిడ తల దించుకుని ఫోనులో ఏదో చూస్తోంది. ఆ గ్రూపులోంచి ఆ మాట సాయంత్రానికి మాయమైంది. క్షమాపణ మాత్రం చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు.

జలగ వాళ్లమ్మ మాత్రం ఊరుకోలేదు. ఊరుకోకూడదు కూడా. "మీ సోకు కోసం నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చారు, పైగా నాచేత దాన్ని కొట్టించారు" అంది. ఒక్క మాట కూడా కాదనడానికి లేదు, తల ఊపాను. పిల్లని తీసుకుని వెళ్లిపోయింది. మేనేజరు నాకు హెచ్చరిక కాగితం ఇచ్చాడు. కొన్నాళ్లపాటు నేను దిగినప్పుడల్లా ఇంకో కోచ్ కూడా నీళ్లలో ఉండాలన్నాడు. తువ్వాళ్ల పనికి పంపుతాడనుకున్నా, పంపలేదు. స్నానం బోర్డు కింద కొత్త వాక్యం రాయించాడు, క్రీములు, నూనెలు రాసుకుని దిగరాదని. దాని ముందునుంచి వెళ్లినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో అడక్కు. క్లాసు మొదలయ్యేముందు గేటు వైపే చూస్తూ ఉండేదాన్ని. సొట్టల గురించి ఆలోచించే తీరిక లేకపోయింది. పోయాయని కాదు, ఉన్నాయి, నడుస్తూంటే గాజులో కనపడుతూనే ఉన్నాయి. ఇప్పటికీ చూడగానే ఒంట్లో ఒకలా అవుతుంది. అబద్ధం ఎందుకు, నచ్చలేదు, నచ్చుతాయని కూడా అనుకోను.

ఇవాళ పొద్దున జలగ వచ్చింది, వాళ్లమ్మని చెయ్యి పట్టి లాక్కుంటూ. వాళ్లమ్మ నాతో మాట్లాడలేదు, నేరుగా అద్దాల గదిలోకి వెళ్లి గాజుకి ఆనుకుని నిలబడింది. పిల్ల గట్టు మీద నా ముందుకొచ్చి ఆగింది. వంగి, అరచేత్తో నా తొడని రుద్ది చూసింది. ఒకసారి కాదు, కుడిది, ఎడమది, వెనకవైపు. చెయ్యి వాసన చూసుకుంది. తర్వాత తన తువ్వాలు తీసి నా కాళ్లు రెండూ తుడిచింది, బల్ల తుడిచినట్టు. నేను స్తంభంలా నిలబడ్డా.

ఇంకో కోచ్ పక్కనే ఉండగా నీళ్లలోకి దిగాం. గడ్డం దాకా దిగి ఆగింది. నన్ను చూసింది, గాజు వెనకున్న వాళ్లమ్మని చూసింది. తర్వాత నోటినిండా గాలి పీల్చుకుని నా తొడని చుట్టుకుని మునిగింది. గోళ్లు దిగేసింది వదినా, పదీ దిగేసింది, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కదల్లేదు. అది నా పాదం తాకి, అంగుళం అంగుళం పైకి పాకి, నీళ్లు చీల్చుకుని వచ్చింది. ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. ఊపిరైనా తీసుకోకుండా, "నేను వదల్లేదు" అంది.

"లేదమ్మా, నువ్వు వదల్లేదు. ఆరోజు కూడా వదల్లేదు" అన్నాను, గాజు అవతలికి వినపడేంత గట్టిగా.

ఈ ఉత్తరం స్పీకరులో చదివినా నాకు అభ్యంతరం లేదు.

మీ ఇద్దరికీ, నీ మరదలు